చేను ఎవరిదో బొట్టు వాళ్లదే

“ఎన్నయినాయే?”

“పద్దెనిమిది.”

“ఇంగ నాలుగు. తీగ తొక్కుతాండావు చూడు.”

“తొక్కలేదులే. నువ్వు ముందు ఆ గంజి తాగు.”

“తాగుతాలే. ఆ గాడి కానీ.”

నా పెనిమిటీ నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఇంకేమైనా చెప్పాడా అని చాలామంది అడిగారు. దేవుణ్ణి తలుచుకున్నాడేమో, కూతురి చేతిలో నన్ను పెట్టాడేమో అని వాళ్ల ఆశ. అటువంటిదేమీ లేదు. ఆయన మా దుకాణం గడప పక్కన మంచం మీద ఉన్నాడు. నేను నేల మీద కూర్చుని బోరు మోటారు గొట్టంలోకి రాగితీగ ఎక్కిస్తున్నాను. ఆ గొట్టం లోపల చుట్టూతా సన్నటి గాడులు ఉంటాయి. ఆ రోజు చేతిలో ఉన్న మోటారుకు ఒక్కో గాడిలో ఇరవై రెండుసార్లు తీగ పోవాలి. మామూలుగా ఈ పనికి ఇద్దరు కావాలి. చెరో చివర కూర్చుని తీగ ఒకరికొకరు అందించుకుంటారు. ఆ పూట రెండు చివర్లకూ నేనే తిరుగుతున్నాను. మిగిలిన నాలుగు చుట్లూ వేసి, గాడిలోకి వెదురు పుల్ల దోపి తల ఎత్తేసరికి, గంజి గ్లాసు పెట్టినచోటే ఉంది. ఆయన లేడు.

ఆయన చెప్పిన పని ముగించాకే తల ఎత్తాను. దానికి నాకు బాధ లేదు.

అప్పటికి ఆయనకు క్యాన్సర్ అని తెలిసి మూడేళ్లు దాటింది. ఆ మూడేళ్లలో మంచం పట్టింది చివరి పంతొమ్మిది రోజులే. మిగతా కాలమంతా తిరిగాడు, పని చేశాడు, నవ్వించాడు, నన్ను తిట్టాడు. ఆయన పట్టుదల ఒకటే. తాను పోయాక కూడా కాలిపోయిన మోటారును రైతులు నా దగ్గరికే తేవాలి. లేకపోతే దుకాణానికి తాళం పడుతుంది, నేను యర్రగొండపాలెంలో కూతురి ఇంటికి పోయి అల్లుడు పెట్టే అన్నం తినాలి. కూతురు మంచిదే, అల్లుడూ మంచివాడే. అయినా నాకు అది పడదని ఆయనకు తెలుసు.

నేను చదివింది మూడో తరగతి. అంకెలు బాగా వస్తాయి, అక్షరాలు కూడబలుక్కోవాలి. అందుకని ఇది నా ఆడబిడ్డ కూతురి చేత రాయిస్తున్నాను. అంగన్‌వాడీ టీచరు ఆమె. నేను చెప్పేదాన్ని పుస్తకాల్లో ఉన్నట్టు సర్ది రాస్తుంది. సర్దుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

మాది కొమరోలు. గిద్దలూరు పోయే రోడ్డు మీద రేకుల దుకాణం. ఈ పక్క వాన పడితే పంట, పడకపోతే బోరు. ఆ బోరు అడుగున ఉండే మోటారు కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోతుంది. కాలిన మోటారును రైతులు పైకి లాగి, గోనెపట్ట చుట్టి, జబ్బు మనిషిని తెచ్చినట్టు ఆటోలో పడుకోబెట్టి తెస్తారు. లోపలి పాత తీగ అంతా పీకి కొత్త తీగ చుట్టడం మా పని. పైరుకు నాలుగు రోజులు నీళ్లు లేకపోతే వాడిపోతుంది కాబట్టి రైతు దుకాణం ముందే బీడీ కాలుస్తూ కూర్చుంటాడు. వాడి ముఖం చూస్తే అన్నం తినబుద్ధి కాదు.

పెళ్లయిన కొత్తలో అవతలి చివర కూర్చునే మనిషి రాని రోజున ఆయన నన్ను కూర్చోబెట్టాడు. ఆ కూర్చోవడం ముప్పై ఏళ్లు కూర్చున్నాను. కానీ రైతుల లెక్కలో నేను మేస్త్రీ పెండ్లాన్ని. టీ ఇచ్చేదాన్ని, తీగ అందించేదాన్ని. ఏ కొసను ఏ కొసకు కలపాలో చూసేది ఆయన. బోరు దగ్గరికి పోయి మోటారు దించి నీళ్లు పోయించి వచ్చేది ఆయన.

మొదట రక్తం పడింది. మొలలనుకున్నాం. ఊళ్లో ఒకాయన పసరు ఇస్తే ఎనిమిది నెలలు తాగాడు. ఒకనాడు కడుపు బిగిసిపోయి అరిచాడు. జిల్లా ఒంగోలే అయినా మా వాళ్లకు పెద్ద జబ్బంటే కర్నూలే. అక్కడికే తీసుకుపోయాం. ఆపరేషన్ చేశారు. పెద్దపేగులో గడ్డ, అది కాలేయం దాకా పాకింది. పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి అక్కడ ఒక సంచి అతికించారు. ఇక మలం అందులోకే వస్తుంది.

పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. మంచం మీద నుంచి ఈయన కేక వేశాడు.

“సార్, ఆమెను పిలవొద్దు. ఈడికి వచ్చి నాకే చెప్పండి. మోటారు కాలిపోయిందని నేను రైతుకు చెప్పకుండా దాస్తానా?”

డాక్టరు వచ్చి మంచం మీద కూర్చుని చెప్పాడు. నాలుగో స్టేజి అన్నాడు. పూర్తిగా తీసెయ్యలేం, మందులతో అదుపులో పెట్టొచ్చు, ఎన్నాళ్లని చెప్పలేను అన్నాడు.

“బరువులు ఎత్తొచ్చా?”

“వద్దు.”

“కూచోని పని చేసుకోవచ్చా?”

“ఓపిక ఉన్నంతసేపు చేసుకో.”

“మోపెడ్ ఎక్కొచ్చా?”

డాక్టరు నవ్వాడు. “నడపొద్దు. వెనక కూర్చో.”

తిరుగు ప్రయాణంలో నంద్యాల బస్టాండులో టీ తాగాం. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. ఆయన టీ ఊదుకుంటూ ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

“నీకు మోపెడ్ రావాల,” అన్నాడు.

“ఏంది?”

“మోపెడ్ రావాల, జాయింట్లు రావాల, బోరు కాడ నిలబడేది రావాల. నేను పోయినాక రైతులు నీ పేరు చెప్పుకుని రావాల. ఏడ్చేది ఉంటే ఈ బస్టాండులోనే ఏడ్చుకో. కొమరోల్లో టైం ఉండదు.”

నేను అక్కడే కడుపునిండా ఏడ్చాను. బస్సు ఎక్కాక ఆ రోజు మళ్లీ ఏడవలేదు.

మోపెడ్ నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, మోకాలి చిప్ప మీద తోలు పోయింది. ఆ తర్వాత ఆయన పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని నా వెనక కూర్చునేవాడు. మొదటిసారి మమ్మల్ని చూసి బస్సు స్టాపు దగ్గర ఒకాయన ఊరుకోలేకపోయాడు.

“ఏం మేస్త్రీ, పెండ్లాం ఎనకాల కూచున్నావే?”

“ముందర గాలి ఎక్కువ తగుల్తాదిరా. ఆమెకైతే అలవాటు, నా నోటి గాలి ముప్పై ఏండ్లు భరించింది.”

సంచి సంగతి ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. వెనక చేసే పని పక్కకొచ్చింది, అంతే గదా అనేవాడు. పెళ్లిళ్లకు పోయేవాడు, బంతిలో కూర్చుని అప్పచ్చి అప్పచ్చీ తినేవాడు. సాయంత్రం హైస్కూలు గ్రౌండులో వాలీబాల్ ఆడేవాళ్లకు కుర్చీ మీద ఎక్కి విజిల్ ఊదేవాడు. ఒంట్లో బాగున్నప్పుడు ఎన్నడూ ఆ గ్రౌండు ముఖం చూసిన మనిషి కాడు. అప్పుడు తీరిక లేదు, ఇప్పుడు చేసుకున్నా అనేవాడు. ఆట మధ్యలో సంచి గుర్రుమంటే, “అది ఫౌల్ గాదు, ఆడండి,” అనేవాడట. ఎండాకాలం సంచి అతుకు ఊడిపోయేది. చొక్కా పాడయ్యేది. ఇంటికొచ్చి కడుక్కుని ఇంకో చొక్కా వేసుకుని మళ్లీ పోయేవాడు. జబ్బు ఉన్న మనిషి ఇంట్లో ఉండాలని చెప్పడానికి వచ్చినవాళ్లకు మా ఇంట్లో ఆయన దొరికేవాడు కాదు.

పదిహేను రోజులకోసారి కర్నూలులో మందు ఎక్కించేవాళ్లు. ఆ మందుకు కడుపులో తిప్పడం మూడు రోజులు ఉండేది. అది పోయేది. పోనిది ఇంకొకటి వచ్చింది. చల్లటిది ఏది ముట్టుకున్నా వేళ్లలో కరెంటు కొట్టినట్టు అయ్యేది. పొద్దున పూట రాగితీగ చల్లగా ఉంటుంది కదా, పట్టుకోగానే విసిరికొట్టేవాడు.

“ముప్పై ఏండ్లు కరెంటు పనిలో ఎన్నడూ షాక్ తగల్లేదు. ఇప్పుడు మీటరు లేని కరెంటు తగుల్తాంది చూడు.”

కొన్ని నెలలకు ఆ షాక్ పోయి వేళ్లు మొద్దుబారాయి. చొక్కా గుండీ ఏదో, గుండీ పెట్టే చిల్లి ఏదో తెలిసేది కాదు. తీగ చుట్టేవాడికి వేళ్లే కళ్లు. గాడి లోపల తీగ మీద తీగ ఎక్కిందా, పక్కన పడిందా అనేది వేలి కొస చెప్పాలి. ఆయన వేలి కొస చెప్పడం మానేసింది.

ఆ రోజు ఆయన లేచి, తాను ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి అవతలి చివరకు పోయి కూర్చున్నాడు. నన్ను తన చోట కూర్చోమన్నాడు. అంతే. అప్పటినుంచి తీగ అందించేది ఆయన, చుట్టేది నేను.

నేర్పడంలో ఆయనకు జాలి లేదు. చుట్టడం అయ్యాక మోటారు గొట్టాన్ని నీళ్ల తొట్టిలో ముంచి, తీగ కొసకు బల్బు తగిలించి చూస్తాం. బల్బు వెలిగితే లోపల ఎక్కడో తీగ మీది తొడుగు చిట్లినట్టు. అట్లా నేను చుట్టిన మొదటి మోటారుకు బల్బు వెలిగింది. నా మూడు రోజుల పని అది.

“ఏదో ఒక గాడిలోనే కదా చిట్లింది, ఆ ఒక్కటే విప్పుతా,” అన్నాను.

“అన్నీ పీకు.”

“అన్నీ ఎందుకు?”

“ఆ ఒక్కటీ యాడుందో ఎతకడానికి నేను రేపు ఉంటానా? అన్నీ పీకు, మొదటి నుంచి చుట్టు. చిట్లకుండా చుట్టేది నేర్చుకో, చిట్లింది ఎతికేది గాదు.”

ఏడుస్తూనే పీకాను. నాలుగో మోటారుకు బల్బు వెలగలేదు. ఆయన ఏమీ మెచ్చుకోలేదు. టీ పెట్టుకుని తెచ్చి నాకిచ్చాడు. మా ఇంట్లో అది మామూలు సంగతి కాదు.

పని వచ్చింది సరే. దానికన్నా కష్టమైనది బోరు దగ్గర ఎదురైంది.

బాగుచేసిన మోటారును బోరులోకి దించేముందు దానికి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, టెంకాయ కొడతారు. ఎప్పుడూ ఆ బొట్లు ఆయన పెట్టేవాడు. నేను బోర్ల దగ్గరికి పోవడం మొదలుపెట్టాక నన్ను పెట్టమనేవాళ్లు. కొమరోలుకు అవతల ఒక పల్లెలో రైతు వాళ్లమ్మ నా చేతికి కుంకుమ గిన్నె ఇచ్చి, “నువ్వే పెట్టమ్మా. నిండు ముత్తైదువవి. నీ చేతి చలవన నీళ్లు దండిగా రావాల,” అంది. నాకు గర్వంగానే ఉండింది. పెట్టాను. నీళ్లు దండిగానే వచ్చాయి.

దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు.

“కడుపులో నొప్పా?” అన్నాను.

“కాదు. ఆలోచన చేస్తాండా.”

ఆ తర్వాతి బోరు దగ్గర నేను కుంకుమ గిన్నె అందుకోబోతుంటే ఆయన అందరికీ వినబడేట్టు అన్నాడు.

“ఆగు. పెట్టాల్సింది నువ్వు గాదు. చేను ఎవరిదో బొట్టు వాళ్లదే. నీళ్లు తాగేది వాళ్ల పైరు గదా. ఏమ్మా, నువ్వు రా.”

రైతు భార్య మురిసిపోతూ వచ్చింది. రైతుకు అనుమానం వచ్చింది. “ఎప్పుడూ మీరే గదా పెట్టేది మేస్త్రీ?”

“ఎప్పుడూ తప్పు చేసినాం. అందుకే మీ మోటార్లు ఆర్నెల్లకోసారి కాలేది.”

అందరూ నవ్వారు. నాకు మాత్రం మండింది. ఇంటికి రాగానే పనిముట్ల సంచి గిరాటేశాను.

“నా చెయ్యి ఏం పాపం చేసింది? అంతమందిలో ఎందుకు ఆపినావు?”

“కూచో.”

“కూచోను. చెప్పు.”

“నేను పోతా. ఎప్పుడో తెలీదు గానీ పోతా. ఆ రోజు నుంచి నిన్ను కుంకుమ గిన్నె ముట్టుకోనియ్యరు. బొట్టు పెట్టేది మేస్త్రీ ఇంటి మనిషే అని ఉంటే, నీ బదులు ఇంగో మేస్త్రీని పిలుస్తారు. వాడు బొట్టూ పెడతాడు, మోటారూ దించుతాడు. బొట్టు చేనోళ్లది అయిందనుకో, నీతో వాళ్లకు కావాల్సింది మోటారు తిరిగేది ఒక్కటే.”

“అయితే నువ్వు ఉండంగానే నన్ను ముండను చేస్తాండావు.”

ఆ మాట రాయనా అత్తా అని ఈ పిల్ల అడుగుతోంది. రాయి. అన్నాను కాబట్టి రాయి.

ఆయనకు కోపం రాలేదు. “ఉండంగానే చేస్తే పక్కన నేను ఉంటా గదే,” అన్నాడు.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తీగ అటు పోతోంది, ఇటు వస్తోంది. చుట్ల అంకెలు తప్ప మా మధ్య మాట లేదు. మూడో రోజు ఆయన సంచి అతుకు ఊడితే ఎప్పటిలాగే నేనే సర్దాను. అట్లా మాట కలిసింది. ఆయన చెప్పింది నిజమని నాకు మొదటి రోజే తెలుసు. తెలిసినా మింగుడుపడడానికి రెండు రోజులు పట్టింది.

అప్పటినుంచి ప్రతి బోరు దగ్గరా ఆయన ఆ మాట చెప్పాడు. చెప్పగా చెప్పగా మా మండలంలో అది ముందునుంచీ ఉన్న ఆచారంలాగే అయిపోయింది. మేము పోయేసరికే రైతు భార్యో తల్లో తల దువ్వుకుని, గిన్నె పట్టుకుని నిలబడి ఉండేది.

ఒకచోట మాత్రం నిలిచిపోయింది. నల్లమల అంచున ఒక పల్లె. ఆ చేను ఒక ఆడమనిషిది. నా ఈడు ఉంటుంది. మొగుడు పోయి మూడేళ్లు. ఎకరన్నర మిరప ఆమె ఒంటి చేత్తో చేసుకుంటోంది. మోటారు తెచ్చింది ఆమె మరిది. దించే వేళకు అతను గిన్నె పట్టుకుని ఎవరికివ్వాలా అని దిక్కులు చూస్తున్నాడు. చివరికి నా వైపు వచ్చాడు.

“చేను ఎవరిది?” అన్నాడు ఈయన.

“మా వదినది. అయితే ఆమె…”

“పాసుబుక్కు ఎవరి పేరున ఉంది?”

“ఆమె పేరునే.”

“అయితే ఆమే పెట్టాల.”

గట్టు మీద ఉన్న ముసలాళ్లు ఇద్దరు లేచి నిలబడ్డారు. ఆమె పైపుల చాటుకు పోయింది. “నేను పెట్టగూడదన్నా,” అంది అక్కడినుంచే.

“ఎవరు చెప్పినారు? గంగమ్మ వచ్చి చెప్పిందా? గంట నుంచి ఎండలో ఉండా. నా సంచి వేడెక్కుతాంది. అది పగిలిందంటే ఈ బోరు కాడ ఎవరూ నిలబడలేరు. తొందరగా పెట్టు తల్లీ.”

ఆయన సంచి సంగతి మండలమంతా తెలుసు. ముసలాళ్లకే నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే ఆమె వచ్చి మూడు బొట్లు పెట్టింది. తొందరలో ఒక బొట్టు పూసుకుపోయింది. స్విచ్చి వేశారు. నీళ్లు పైపు నోరు నిండా వచ్చి పడ్డాయి. ముసలాళ్లు మళ్లీ కూర్చున్నారు.

తిరిగి వస్తూ అడిగాను. “ఆ బోరులో నీళ్లు అడుగంటి ఉంటే ఏం చేసేవాడివి? ఆ యమ్మ గతేంది?”

“అందుకే నిన్న ఆటోలో వచ్చి రాయి ఏసి చూసిపోయినా,” అన్నాడు. బోరులో చిన్న రాయి వేసి, అది నీళ్లలో పడిన చప్పుడు ఎంతసేపటికి వచ్చిందో వింటే నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో తెలుస్తుంది. ఆయన ధైర్యంలో సగం ఇట్లాంటి ధైర్యమే.

రెండేళ్లు దాటాక మొదటి మందు పనిచేయడం మానేసింది. ఇంకో మందు వేశారు. అది ఇంకొన్నాళ్లు ఆపింది. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి. అప్పుడు కూడా వాలీబాల్ గ్రౌండుకు పోయాడు, కుర్చీ ఎక్కకుండా కింద కూర్చుని విజిల్ ఊదాడు. విజిల్ కూడా ఊదలేకపోయిన రోజు మంచం దుకాణంలోనే వేయమన్నాడు. ఇంట్లో వద్దన్నాడు. వచ్చిన రైతును నేను ఎట్లా మాట్లాడిస్తున్నానో ఆయనకు వినబడాలి. రైతు ఆయన మంచం వైపు తిరిగి అడిగితే, కళ్లు మూసుకుని నిద్ర నటించేవాడు. రైతు గత్యంతరం లేక నా వైపు తిరిగేవాడు.

ఆయన పోయిన రోజు నేను చుట్టుతున్న మోటారు కొమరోలు పక్కనే ఉన్న ఒక రైతుది. మా ఆయన్ని అన్నా అని పిలిచే మనిషి. చేలో మిరప పూత మీద ఉంది. నాలుగో రోజున అతను వచ్చి బయట నిలబడి మా బావగారితో మాట్లాడడం నాకు ఇంట్లోకి వినబడింది.

“ఏమీ అనుకోవద్దు పెద్దాయనా. దుఃఖంలో ఉండారు. మోటారు ఎత్తుకపోయి గిద్దలూర్లో ఇస్తా. పూత రాలిపోతాంది.”

“పనైతే ఆగింది నాయనా. దినాలు కానిదే ఆమెను బయటికి పంపం. ఎత్తుకపో,” అన్నాడు మా బావగారు.

ఒక్క మోటారు గిద్దలూరు పోతే దాని వెనకే అన్నీ పోతాయి. మూడేళ్ల పని ఆ గడప దగ్గర పోతోంది. గదిలో నా చుట్టూ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నా గొంతు మామూలుగానే మొరటుది, ఏడ్చి ఏడ్చి ఇంకా బొంగురుపోయి ఉంది. ఆ గొంతుతోనే లోపలినుంచి కేక వేశాను.

“ఎల్లుండి సాయంత్రానికి తీసుకపో. గిద్దలూర్లో అయినా మూడు రోజులు పడతాది.”

అతను బయటినుంచే, “సరే వదినా,” అన్నాడు.

ఆడవాళ్లు నోరు నొక్కుకున్నారు. మా బావగారు ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు నేను దుకాణంలోకి పోయి, ఇది రాస్తున్న ఈ పిల్లనే అవతలి చివర కూర్చోబెట్టుకున్నాను. వాళ్ల మామ పోయిన ఐదో రోజు అది. ఇద్దరం మిగిలిన గాడులు చుట్టాం. తొట్టిలో ముంచితే బల్బు వెలగలేదు.

దించడానికి నేను పోకూడదన్నారు. మోపెడ్ తాళం మా ఆడబిడ్డ కొంగుకు కట్టుకుంది. నేను ఆ మోటారుతోపాటే ఆటో ఎక్కాను.

చేలో రైతు భార్య గిన్నె పట్టుకుని సిద్ధంగా ఉంది. ఎవరూ చెప్పకుండానే వచ్చి బొట్లు పెట్టింది. నా వైపు చూడడానికి భయపడింది కానీ చేతులు మాత్రం తడబడలేదు. అతని చిన్నాయన ఒకాయన తువ్వాలు తలకు చుట్టుకుని గట్టు మీద ఉన్నాడు.

“మేస్త్రీ పెండ్లాన్ని కొంచెం ఎడంగా నిలబడమనండి. ఇయ్యాల ఆరో దినం,” అన్నాడు.

“ఎడంగా నిలబడితే కేబులు యాడ ఒరుసుకుంటాందో నాకు కనపడదు చిన్నాయనా,” అన్నాను. బోరు మూతి దగ్గరే నిలబడ్డాను. పైపు మీద పైపు బిగించి, మోటారు అడుగుకు పోయేదాకా కేబులు నా చేతిలోంచే వదిలాను. పై కొసను రైతు తీసుకుపోయి స్టార్టర్ డబ్బాలో కలిపాడు. స్విచ్చి వేశాడు.

నీళ్లు వచ్చాయి. చిటికెన వేలంత. పైపు అంచున జారి కిందికి కారాయి.

రైతు ముఖం చూడలేకపోయాను. చిన్నాయన గట్టు మీదనుంచే అందుకున్నాడు.

“నీళ్లు కూడా ఆ యప్పతో పాటే పోయినాయి. చెప్తే వింటిరా?”

నాకూ నా పని మీద అనుమానం వచ్చింది. అది అబద్ధం చెప్పను. ఐదో రోజు ఏడుపులో ఏదో కొస తప్పు కలిపానా, మొత్తం మళ్లీ పీకాలా అనుకున్నాను. పీకడానికి ఈ మోటారును మళ్లీ నాకు ఇస్తారా? అప్పుడు చెవిన పడింది. పైపులోంచి వచ్చే చప్పుడు. మోటారు ఆగి ఆగి తిరగడం లేదు, ఒకటే తీరున తిరుగుతోంది. బాగానే తిరుగుతోంది, తిరగాల్సిన పక్కకు తిరగడం లేదు. స్టార్టరులో మూడు తీగల వరుస మారితే మోటారు వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగే మోటారు నీళ్లను పైకి తోయలేదు, గుటకలు వేస్తుంది. ఇది నేను ఈ మూడేళ్లలో ఎన్నోసార్లు చూసిందే. ఆయన ఉన్నప్పుడు ఇట్లా అయితే నవ్వుకుంటూ మార్చేవాళ్లు, అపశకునం అని ఎవరికీ తోచేది కాదు.

“ఆపు,” అన్నాను.

ఫ్యూజులు పీకించి, డబ్బా తెరిచి, మూడు తీగల్లో రెండింటిని ఇటుది అటు, అటుది ఇటు మార్చి బిగించాను. స్క్రూ తిప్పుతుంటే రైతు నా భుజం మీదుగా చూస్తున్నాడు.

“నేను కలిపిందే తప్పా వదినా?”

“తప్పేం గాదు. ఎవరికైనా సగం సార్లు ఇట్లనే పడతాది. ఇప్పుడెయ్యి.”

వేశాడు. ముందు గాలి, తర్వాత ఎర్రటి బురద, ఆ వెనక నీళ్లు. పైపు నోరు పట్టనంత నీళ్లు. కాలువలో పడి, ఎండిన ఆకులను ఎత్తుకుని మిరప సాళ్లలోకి పరుగెత్తాయి. రైతు పార పట్టుకుని మడవ తిప్పడానికి పోయాడు, నాతో ఒక్క మాట కూడా అనకుండా. నాకు అదే నచ్చింది. పనిచేసిన మేస్త్రీని ఎవరూ నిలబడి పొగడరు, నీళ్ల వెంట పోతారు. చిన్నాయన గట్టు దిగి వచ్చి ఆ నీళ్లలో కాళ్లు కడుక్కున్నాడు.

నేను ఆటో ఎక్కబోతుంటే రైతు పార భుజాన వేసుకుని వచ్చాడు.

“వదినా, మా బామ్మర్దిది కూడా కాలింది. దినాలు కానిచ్చి తెమ్మందునా?”

“రేపు తెమ్మను,” అన్నాను.

ఇది జరిగి ఏడాదిన్నర. బోర్ల దగ్గర బొట్టు ఎవరు పెట్టాలని మా మండలంలో ఇప్పుడెవరూ అడగరు. కూతురి ఇంటికి పోతాను, పండక్కి రెండు రోజులు ఉంటాను, మూడో రోజు ఫోను మోగుతుంది, వచ్చేస్తాను. మొన్న ఆ చిన్నాయన మోటారే వచ్చింది. ఆటోలోంచి దించుతూ, “ఏమ్మే, ఇది తిరగబడి తిరక్కుండా చుట్టు,” అన్నాడు.

“తిరగబడితే పిలువు చిన్నాయనా. నేనే వచ్చి తిప్పుతా. ఎడంగా మాత్రం నిలబడను,” అన్నాను. ఆయన బీడీ ముట్టించుకుని దుకాణం ముందు కూర్చున్నాడు, అందరు రైతుల్లాగే.

ఇక చాలు. పెన్ను పక్కన పెట్టి, రాసిందంతా మొదటి నుంచి నాకు చదివి వినిపించు పిల్లా. మెల్లగా చదువు. మీ మామను యాడన్నా దేవుణ్ణి చేసి రాసుంటే ఆడ ఆపుతా, అది కొట్టేద్దువు.